లాటరీ పైసలతో బిస్మిల్లా

మన ఇళ్ళల్లో బిడ్డకు నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన నాడు బిస్మిల్లా ఖ్వానీ చేస్తాం. ఇది ఫర్జ్ కాదు, సున్నత్ కూడా కాదు. మన బుజుర్గులు ముచ్చటపడి పెట్టుకున్న రివాజు. బిడ్డకు కొత్త బట్టలు తొడిగి, మెళ్ళో పూలదండ వేసి, మౌల్వీ సాబ్ ముందు కూర్చోబెట్టి మొదటి అక్షరాలు పలికిస్తాం. లడ్డూలు పంచుతాం. ఆ రోజుతో తాలీమ్ మొదలైనట్టు లెక్క.

జార్జియా సర్కారుకు ఈ లెక్క తెలియదు గానీ, వాళ్ళదీ ఇంచుమించు ఇదే వయసు. సెప్టెంబరు 1 నాటికి నాలుగేళ్ళు నిండిన బిడ్డ ఎవరైనా సరే, తల్లిదండ్రులు ఆ రాష్ట్రంలో ఉంటున్నవాళ్ళయితే చాలు, ఏడాది పాటు ఫీజు లేకుండా బడికి పంపొచ్చు. దాన్ని అక్కడ ప్రీకే అంటారు. కిండర్‌గార్టెన్‌కు ముందు ఏడాది అన్నమాట. జార్జియా అంటే రష్యా పక్కనున్న దేశం అనుకునేరు. నేను చెప్పేది అమెరికాలో అట్లాంటా ఉన్న జార్జియా. మా బేటీ, దామాద్ ఆ ఊరికి ఉత్తరాన, ఆల్ఫరెటా వైపు ఉంటారు. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు ఎంతమంది అంటే, కూరగాయల దుకాణంలో గోంగూర కట్ట బాగుందో లేదో తెలుగులోనే బేరమాడొచ్చు.

మా నవాసీ ఏప్రిల్‌లో పుట్టింది. అందువల్ల బిస్మిల్లా ఖ్వానీ, ప్రీకే మొదటి రోజు, రెండూ ఒకే ఆగస్టు నెలలో పడ్డాయి. ఆ రెండూ చూడాలనే నేను కిందటేడు మార్చిలో కర్నూలు నుంచి పోయాను. పోయాక తెలిసింది, ఇంట్లో ఒక మస్లా నడుస్తోందని.

మస్లా ఏమిటో చెప్పేముందు ఆ బడి ఎట్లా నడుస్తుందో చెప్పాలి. పందొమ్మిదేళ్ళు అంగన్‌వాడీ టీచర్‌గా పని చేసిన దాన్ని, నాకు అది చూడకపోతే నిద్ర పట్టదు. మా బేటీ ఏ సెంటర్ చూడటానికి పోయినా వెంట పోయాను.

సర్కారు ఈ ప్రీకే కోసం సొంతంగా బళ్ళు కట్టలేదు. ఉన్న బళ్ళకే పైసలిస్తుంది. ప్రభుత్వ బడి కావచ్చు, ప్రైవేటు చైల్డ్‌కేర్ సెంటర్ కావచ్చు, గరీబ్ పిల్లల కోసం కేంద్రం నడిపే హెడ్‌స్టార్ట్ కావచ్చు, ఎవరైనా అర్జీ పెట్టుకుని, షరతులు ఒప్పుకుంటే, తరగతికి ఇంత అని గ్రాంటు వస్తుంది. ఆ తరగతిలో ఎందరు పిల్లలున్నారు, టీచర్ ఏం చదివింది అన్నదాన్ని బట్టి ఆ మొత్తం మారుతుంది. పెద్ద టీచర్‌కు డిగ్రీ ఉండాలి. పక్కన ఒక అసిస్టెంట్ టీచర్ తప్పనిసరి. రోజుకు ఆరున్నర గంటలు, ఏడాదికి 180 రోజులు. చెప్పే పాఠం సర్కారు ఒప్పుకున్న జాబితాలోదే అయ్యుండాలి. దీన్నంతా చూసే ఇలాకాకు బ్రైట్ ఫ్రమ్ ది స్టార్ట్ అని పేరు. వాళ్ళ మనుషులు వచ్చి తరగతిలో కూర్చుని చూసి పోతారు.

పరీక్షలు లేవు. ఈ మాట నాకు బాగా నచ్చింది. బిడ్డ కత్తెర ఎట్లా పట్టుకుంటోంది, తోటి బిడ్డతో కొట్లాడితే ఎట్లా సర్దుకుంటోంది, కథ విని మళ్ళీ చెప్పగలుగుతోందా, ఇవన్నీ టీచర్ గమనించి రాసుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు అమ్మానాన్నలను కూర్చోబెట్టి చెప్తుంది. మన దగ్గర ఎల్.కే.జీ. పిల్లకు ర్యాంకులిచ్చే బళ్ళను తలుచుకున్నాను.

చేర్చేటప్పుడు అడిగే కాగితాలు కూడా చెప్తాను, మీలో చాలామంది పిల్లలు ఆ వైపు ఉన్నారు కాబట్టి పనికొస్తుంది. బిడ్డ వయసు రుజువు, ఇంటి అడ్రసు రుజువు, టీకాల సర్టిఫికెట్. దాన్ని 3231 ఫారం అంటారు. ఇంకొకటి 3300 ఫారం, కళ్ళు, చెవులు, పళ్ళు, తిండి ఎట్లా ఉన్నాయో పరీక్షించి ఇచ్చేది. మన ఊర్లో వేయించిన టీకాల కార్డు సంచిలో పెట్టుకుని పోతే సరిపోదు. అక్కడి డాక్టర్ దాన్ని చూసి వాళ్ళ ఫారంలోకి ఎక్కించాలి. దానికే మా పక్కింటి తెలుగు అమ్మాయికి మూడు వారాలు పట్టింది.

ఫీజు లేదంటే ఏదీ లేదని కాదు. ఆరున్నర గంటలకు ముందూ వెనకా ఉంచుకుంటే దానికి వేరే కట్టాలి. తిండికి కూడా, ఆమ్‌దనీ తక్కువ ఉన్నవాళ్ళకు తప్ప, కట్టించుకోవచ్చు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో బిడ్డను మధ్యాహ్నం రెండున్నరకు ఎవరు తెచ్చుకుంటారు? అది సర్కారు ఫిక్ర్ కాదు.

ఇంకో సంగతి. దీన్ని యూనివర్సల్ అంటారు, అంటే అందరికీ అని. అమీర్ అయినా గరీబ్ అయినా అడగరు, నిజమే. కానీ అందరికీ సీటు ఉందని దాని అర్థం కాదు. ఆ రాష్ట్రంలో నాలుగేళ్ళ పిల్లల్లో సగం కన్నా కాస్త ఎక్కువమందే ఇందులో చదువుతున్నారు. ఏటా దాదాపు డెబ్బై వేల మంది. మంచి ఇలాకాలో, మంచి బడిలో సీట్లు తక్కువ, అర్జీలు ఎక్కువ. హక్కు వేరు, అవకాశం వేరు అని మన అంగన్‌వాడీలో నేర్చుకున్నదాన్ని నాకు కొత్తేం కాలేదు.

అంగన్‌వాడీ పేరెత్తాను కాబట్టి ఒక మాట. మన ఐ.సి.డి.ఎస్. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైంది. జార్జియావాళ్ళ కన్నా మనం పదిహేడేళ్ళు ముందు. ఈ మాట మా దామాద్‌కు చెప్తే నమ్మలేదు, ఫోన్‌లో వెతుక్కున్నాడు. కానీ ఆ ఆరున్నర గంటల గది చూసినప్పుడు నాకు కడుపులో తిప్పినట్టయింది. ఇరవై రెండు మంది నాలుగేళ్ళ పిల్లలు, వాళ్ళ కోసమే ఇద్దరు మనుషులు. నా గదిలో మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా అందరూ కలిసే. వాళ్ళకు పాట నేర్పుతుండగా గర్భిణీలు గుడ్ల కోసం వస్తారు. బాలింతలు వస్తారు. బరువులు తూయాలి, రిజిస్టర్లు రాయాలి, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి, సిగ్నల్ లేకపోతే మిద్దె ఎక్కాలి. దీనికంతా 2019 తర్వాత నెలకు 11,500 రూపాయలు, దాన్ని కూడా జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఆ జార్జియా టీచర్ నా గురించి విని, మీరు ఒక్కరే ఇంత చేసేవారా అంది. లేదమ్మా, ఆయా కూడా ఉంది అన్నాను.

సరే, మస్లా దగ్గరికి వస్తాను.

ఇంత ఇంతజామ్‌కు పైసలు ఎక్కడివి? పన్నుల్లోంచి కాదు. లాటరీలోంచి.

జెల్ మిల్లర్ అని ఒకాయన 1990లో జార్జియా గవర్నర్‌గా పోటీ చేస్తూ, నన్ను గెలిపిస్తే లాటరీ పెడతాను, ఆ ఆమ్‌దనీ మొత్తం చదువుకే ఇస్తాను అన్నాడు. గెలిచాడు. అయితే అక్కడ లాటరీ పెట్టాలంటే రాజ్యాంగమే మార్చాలి. దానికి 1992 నవంబరులో జనాన్ని ఓటు అడిగారు. చర్చిలు గట్టిగా వ్యతిరేకించాయి. జూదం హరామ్ అనేది మన ఒక్కరి మాటే కాదు, అక్కడి బాప్టిస్టుల మాట కూడా. అయినా దాదాపు 52 శాతం ఓట్లతో నెగ్గింది. ప్రీకే అప్పటికే చిన్న పైలట్‌గా, 750 మంది గరీబ్ పిల్లలతో మొదలై ఉంది. 1993 జూన్ చివర్లో మొదటి టికెట్లు అమ్మారు. ఆ డబ్బు పొంగింది. 1995లో ఆమ్‌దనీ షరతు తీసేసి, నాలుగేళ్ళ బిడ్డలందరికీ తలుపు తెరిచారు. అమెరికాలో అట్లా అందరికీ తెరిచిన మొదటి రాష్ట్రం అదే. ఇప్పటిదాకా లాటరీ నుంచి చదువుకు వచ్చింది 2,500 కోట్ల డాలర్ల పైమాటే. అదే సంచిలోంచి కాలేజీ పిల్లలకు హోప్ స్కాలర్‌షిప్ కూడా ఇస్తారు.

మా బేటీకి ఇది తెలిసింది ప్రభుత్వ బడి గోడ మీద చూసి. ఈ తరగతికి డబ్బు లాటరీ నుంచి వస్తోందని చిన్న బోర్డు పెట్టి ఉంది. ఆ రాత్రి వంటింట్లో నన్ను పట్టుకుంది.

“అమ్మీ, ఇది జువా పైసా కదా. నా బిడ్డకు మొదటి అక్షరం దీంతోనా?”

నేను మౌల్వీని కాను. అందుకే కర్నూల్లో మాకు తెలిసిన ఒక ఆలిమ్ సాబ్‌కు ఫోన్ చేశాను. ఆయన మాట సాఫ్‌గా ఉంది. జూదం ఆడటం గునా, ఆడించడం గునా. మీరు ఆ రెండూ చేయడం లేదు. సర్కారు చేతిలోకి వచ్చాక అది సర్కారు మాల్. అది పౌరులందరికీ ఇస్తున్న సౌకర్యం, మీరు పన్నులు కడుతున్న పౌరులు. జాయిజ్ అన్నారు. ఫిఖ్‌లో ఇంకో దారి కూడా ఉందని చెప్పారు. హరామ్ మాల్ ఎవరిదో తెలియకుండా చేతికొస్తే, దాన్ని సవాబ్ ఆశించకుండా గరీబ్‌లకో, జనం పనులకో ఇచ్చేయాలి. పిల్లల బడి జనం పని కాక ఇంకేమిటి?

మా దామాద్ అక్కడి మసీదులో ఇంకొకరిని అడిగాడు. ఆయన ఇహ్తియాత్ చేయమన్నారు. హరామ్ అనలేదు. స్తోమత ఉంటే మీ పైసలతోనే చదివించుకోండి, మనసుకు సుకూన్ ఉంటుంది అన్నారు.

స్తోమత మాట వచ్చేసరికి ఇంట్లో అందరూ నిశ్శబ్దం. వాళ్ళు చూసిన ప్రైవేటు సెంటర్లో ఫీజు నెలకు వెయ్యి డాలర్ల పైన అడిగారు. ఇద్దరి ఉద్యోగాలు, ఇంటి లోన్ (ఆ లోన్ గురించి ఎవరూ నన్ను అడగొద్దు, నేనూ వాళ్ళను అడగలేదు). తఖ్వా అనేది డబ్బున్నవాళ్ళకు సులువు, లేనివాళ్ళకు కష్టం అయ్యేటట్టుంటే ఆ లెక్కలో ఎక్కడో తేడా ఉందని నాకనిపిస్తుంది. ఇంకో మాట. ప్రీకే వద్దనుకునే ఇళ్ళల్లో కూడా, పద్నాలుగేళ్ళ తర్వాత బిడ్డకు హోప్ స్కాలర్‌షిప్ వస్తే వద్దన్నవాళ్ళను నేను చూడలేదు. అప్పుడు మిఠాయి పంచుతారు.

ఈలోపు ఇంకో తమాషా. సీట్ల కన్నా అర్జీలు ఎక్కువ వచ్చాయని ఆ ప్రభుత్వ బడి చీటీలు తీసింది. ఆ చీటీలు తీయడాన్ని కూడా వాళ్ళు లాటరీ అనే అంటారు! మా బేటీ ఆ మాట విని తల పట్టుకుంది. “లాటరీ పైసలతో నడిచే బడిలో సీటు కూడా లాటరీలోనే!” అంది. అప్పుడు నేను కాస్త గట్టిగా చెప్పాను. బేటీ, ఇది జూదం కాదు, ఇది ఖురా. హక్కు అందరికీ సమానంగా ఉండి, ఇవ్వాల్సింది ఒక్కరికే అయినప్పుడు, ఎవరి మనసూ నొప్పించకుండా తేల్చే దారి. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లమ్ సఫర్‌కు పోయేటప్పుడు వెంట ఎవరు రావాలన్నది ఖురాతోనే తేల్చేవారు. హజ్రత్ మర్యమ్ పసిబిడ్డగా ఉన్నప్పుడు ఆమె పర్వరిష్ జిమ్మేదారీ ఎవరిదన్నది కూడా కలాలు వేసి చీటీలాగే తేల్చారు, అది జకరియా అలైహిస్సలామ్‌కు వచ్చింది. పసిబిడ్డను ఎవరు చూసుకోవాలనే దానికే ఖురా! ఇంతకన్నా దగ్గరి మిసాల్ ఏం కావాలి? జూదంలో ఒకడు పోగొట్టుకుంటేనే ఇంకొకడికి వస్తుంది. ఖురాలో ఎవరూ జేబులోంచి ఏమీ పెట్టరు.

ఖురాలో మా నవాసీ పేరు రాలేదు. వెయిటింగ్ లిస్టులో పదిహేడు.

నేను ఈ విషయంలో రెండు మనసులతో ఉండటానికి కారణం ఫత్వాలు కాదు. మా దామాద్ వాళ్ళ అన్న దుకాణం.

ఆయన అట్లాంటాకు దక్షిణాన ఒక పెట్రోల్ బంకు నడుపుతాడు. అక్కడ గ్యాస్ స్టేషన్ అంటారు. దాంతో పాటు చిన్న దుకాణం. బీరు అమ్మకూడదని మొదట్లో చాలా రోజులు ఆగాడట, తర్వాత ఆగలేదు. లాటరీ మెషీన్ మాత్రం మొదటి రోజు నుంచి ఉంది. అది లేకపోతే జనం పక్క బంకుకు పోతారు, టికెట్ కొనుక్కోడానికి వచ్చినవాడే నీళ్ళ బాటిల్, సిగరెట్, పెట్రోలు కొంటాడు అని ఆయన హిసాబ్. మంచి మనిషి. మసీదుకు ఇస్తాడు, ఊర్లో అమ్మీ అబ్బాకు పంపుతాడు. నన్ను ఖాలాజాన్ అంటాడు. ఒక శనివారం నన్ను తీసుకెళ్ళి కౌంటర్ వెనక కుర్చీ వేశాడు.

పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. గాజు పెట్టె కింద రంగురంగుల టికెట్ల చుట్టలు. డాలర్‌ది, ఐదు డాలర్లది, ఇరవై డాలర్లది. గోకితే నంబర్లు కనబడే రకం. వచ్చినవాళ్ళను చూస్తూ పోయాను. రాత్రి షిఫ్టు దిగిన మనిషి, ఇంకా యూనిఫాం విప్పలేదు. గోడలకు రంగులేసే ఇద్దరు. నడుము పట్టుకుని నడిచే ఒక నర్సమ్మ. సూట్ వేసుకున్నవాడు ఒక్కడూ టికెట్ అడగలేదు. ఆల్ఫరెటాలో మా బేటీ ఇంటి దగ్గర బంకులో కూడా ఈ మెషీన్ ఉంది గానీ, అక్కడ ఈ గుంపు ఉండదు. లాటరీ మీద గరీబ్‌లే తమ ఆమ్‌దనీలో ఎక్కువ వాటా పెడతారని అమెరికాలో ఎన్నో ఏళ్ళుగా చెప్తూనే ఉన్నారు. టికెట్ల మీద వచ్చిన ప్రతి డాలర్‌లో దాదాపు పావలా వంతు చదువుకు పోతుంది, మిగిలింది బహుమతులకు, ఖర్చులకు, మా దామాద్ అన్న లాంటి దుకాణదారుల కమీషన్‌కు.

తొమ్మిదింటప్పుడు నా వయసే ఉన్న ఒకావిడ వచ్చి ఐదు డాలర్ల టికెట్లు నాలుగు తీసుకుంది. అక్కడే, కౌంటర్ అంచు మీద, నాణెంతో గోకింది. ఒక్కొక్కటి గోకి, పొడి ఊది, పక్కన పెట్టింది. నాలుగూ పోయాయి. నా దుపట్టా చూసి నవ్వి, ఎక్కడి నుంచి వచ్చావు అని అడిగింది. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. నవాసీని బడికి చేర్చడానికి వచ్చాను, ప్రీకే అన్నాను. ఆవిడ పకపకా నవ్వి ఆ చెత్త టికెట్లు నాలుగూ ఎత్తి చూపించింది. “అయితే నీ మనవరాలి ఫీజు నేనే కట్టానమ్మా ఇప్పుడు” అంది.

ఆవిడ తమాషాకే అంది. వెనక నిలబడ్డ మా దామాద్ అన్న కూడా నవ్వాడు. నాకు మాత్రం చెంగుతో మొహం కప్పుకోవాలనిపించింది. ఆలిమ్ సాబ్‌ను అడగాల్సిన ప్రశ్న నేను అడగలేదని అప్పుడర్థమైంది. ఆ పైసా హలాలా హరామా అని అడిగాం, ఆ పైసా ఎవరిది అని అడగలేదు. హరామ్ మాల్ చేతికొస్తే జనం పనికి ఇచ్చేయమన్న మాట సరైందే. కానీ ఇక్కడ ఆ మాల్ పొరపాటున చేతికి వచ్చింది కాదు. బడి కోసమే అని చెప్పి జూదం పెట్టారు, బడి పేరు చూపించే టికెట్లు అమ్ముతున్నారు. ఆ నర్సమ్మ, ఆ రంగులేసేవాళ్ళు పెట్టిన డబ్బుతో మా ఆల్ఫరెటా ఇంజనీర్ల పిల్లలు కూడా ఉచితంగా చదువుతున్నారు. యూనివర్సల్ అన్న మాటకు ఈ వైపు కూడా ఒకటి ఉంది. ఇస్తున్నది అందరికీ, తీసుకుంటున్నది కొందరి దగ్గరే.

ఇది ఇట్లా కాకుండా నడవదా అంటే, నడుస్తుంది. ఓక్లహోమా 1998లో నాలుగేళ్ళ పిల్లలందరికీ ప్రీకే తెరిచింది, లాటరీ సంచితో కట్టేయకుండా, మామూలు బళ్ళకు డబ్బిచ్చే లెక్కలోనే ఆ పిల్లలనూ కలిపేసింది. జార్జియా పక్కనే ఉన్న అలబామాలో 1999లో ఒక గవర్నర్ జార్జియాను చూసి అట్లాంటి లాటరీయే పెడతానంటే, జనం ఓటేసి వద్దన్నారు. ఆ అలబామా ఇప్పుడు తన చదువుల బడ్జెట్‌తోనే ప్రీకే నడుపుతోంది, నాణ్యతలో దేశంలో ముందు వరుసలో ఉందని పేరు. సీట్లు మాత్రం అందరికీ చాలవు. అలబామావాళ్ళు కార్లేసుకుని జార్జియా సరిహద్దు బంకులకు వచ్చి టికెట్లు కొంటారు, అది వేరే కథ.

లాటరీ సంచి లోతు కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఖర్చు ఆమ్‌దనీని దాటేసిందని 2011లో ప్రీకేకు కోత పెట్టారు. 180 రోజులు 160 అయ్యాయి, తరగతికి ఇరవై మంది ఇరవై రెండు అయ్యారు, టీచర్ల జీతాలు తగ్గాయి. రోజులు ఒకటి రెండేళ్ళలో తిరిగి వచ్చాయి. ఆ ఇద్దరు పిల్లలను తగ్గించి మళ్ళీ ఇరవైకి తెచ్చే పని 2024లో గానీ మొదలవలేదు, అదీ విడతల వారీగా. నేను చూసిన గదిలో ఇరవై రెండు మంది ఉండటానికి కారణం అదే.

మనల్ని మనం పాక్‌సాఫ్ అనుకోవద్దు. జార్జియావాళ్ళు లాటరీకి ఓటేసిన ఆ రోజుల్లోనే, 1992 ప్రాంతంలో, మన నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుతూ, సారా మీద ఉన్న పాఠం చదివి లేచిన ఆడవాళ్ళు వాళ్ళు. రోశమ్మ పేరు మీకందరికీ తెలుసు. సారా పోయింది, 1995లో మద్యనిషేధం వచ్చింది, రెండేళ్ళకే ఖజానా ఖాళీ అవుతోందని సడలించారు. ఆ తర్వాత ఏ ప్రభుత్వం వచ్చినా మద్యం ఆమ్‌దనీ లేకుండా బడ్జెట్ లెక్క తేలలేదు. నేను పందొమ్మిదేళ్ళు పిల్లల ప్లేట్లో పెట్టిన గుడ్డులో, నా గౌరవ వేతనంలో ఆ పైసా లేదని ఎవరు చెప్పగలరు? జార్జియావాళ్ళు గోడకు బోర్డు కొట్టి మరీ చెప్తున్నారు. మనం ఆ మాట బోర్డు మీద రాయలేదు, అంతే తేడా.

ఇదంతా మా బేటీతో అన్నాను. తను నా కన్నా తెలివైనది. “అయితే అమ్మీ, పంపకపోతే ఆవిడ టికెట్లు కొనడం మానేస్తుందా?” అంది. మానదు. మా నవాసీ సీటు ఇంకో బిడ్డకు పోతుంది, అంతే. నా మట్టుకు పంపమనే చెప్పాను. పంపడం ఒకటి, ఆ సంచి సంగతి తెలిసి కూడా నోరు మూసుకోవడం ఇంకొకటి. మా దామాద్ అక్కడి పౌరుడు, ఓటున్నవాడు. ప్రీకేకు పన్నుల్లోంచి ఇవ్వండి అని అడిగే హక్కు వాడికుంది. మసీదులో మన పెద్దలు బడి బోర్డు మీటింగులకు ఈద్ సెలవు అడగడానికి పోతారు, చాలా మంచి పని. ఈ మాట కూడా అక్కడ ఎత్తితే ఏం పోతుంది? బాప్టిస్టులు ముప్పై ఏళ్ళ క్రితమే ఎత్తారు కదా, మనం పక్కన నిలబడితే వాళ్ళేమన్నా కాదంటారా?

జూలై చివర్లో ఒక ప్రైవేటు సెంటర్లో ప్రీకే సీటు ఖాళీ అయ్యి దొరికింది. ఆ ఆరున్నర గంటలకు ఫీజు లేదు, సాయంత్రం ఆరు దాకా ఉంచుకున్నందుకు వేరే కడుతున్నారు. మొదటి రోజే మా బేటీ తిండి సంగతి మాట్లాడింది. పంది మాంసం వద్దు, జెలటిన్ వద్దు, మాంసం ఏదైనా వద్దు, ఇంటి నుంచి డబ్బా పంపుతాం. వాళ్ళు ఒక కాగితం ఇచ్చి రాయమన్నారు, రాసింది, అయిపోయింది. మన ఆడపిల్లలు ఇట్లాంటివి అడగడానికి మొహమాటపడతారు, పడొద్దు. ఆ సెంటర్ నడిపేది ఒక చర్చి. మొదట భయపడ్డాం. కానీ ప్రీకే గంటల్లో ఏ మజ్‌హబ్ పాఠమూ చెప్పకూడదన్నది సర్కారు షరతు, మన మసీదు నడిపినా అదే షరతు. పాప ఇంటికి వచ్చి పాడేది రంగుల పాట, వారాల పాట. అలిఫ్ బే ఇంట్లోనే, శని ఆదివారాలు మసీదులో.

బిస్మిల్లా ఖ్వానీ ఆగస్టు మూడో వారంలో చేశాం. దామాద్ అన్న కుటుంబంతో వచ్చాడు, పిల్ల చేతిలో వంద డాలర్ల నోటు పెట్టాడు. పిల్ల ‘బడే అబ్బా’ అని మెడకు చుట్టుకుంది. అందరూ తిని వెళ్ళాక, ఆయన, నేను వెనక మెట్ల మీద కూర్చున్నాం. ఆ టికెట్ల ఆవిడ బాగుందా అని అడిగాను. రోజూ వస్తుంది అన్నాడు. మెషీన్ తీసేస్తే నెలకు ఎంత పోతుందో లెక్క వేశావా బేటా అన్నాను. వేశాను ఖాలాజాన్ అన్నాడు. ఎంతో చెప్పలేదు. కాసేపు ఊరుకుని, దుకాణం లీజు ఇంకా రెండేళ్ళుందని, ఆ తర్వాత ఏదైనా ఊర్లో చిన్న హోటల్ పెట్టుకుందామని భార్య అంటోందని చెప్పాడు. బిర్యానీ నేను నేర్పిస్తానన్నాను. నేను కర్నూలుకు వచ్చేశాక మొన్న ఫోన్లో అడిగితే, మెషీన్ ఇంకా అక్కడే ఉందట, బీరు ఫ్రిజ్ మాత్రం తీసేశాడట.